తాళాల కోచ్ మీద నా ఫిర్యాదు

ఆయన పోయారన్న సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. మలేషియాలోని సైబర్‌జయలో నేను చదివిన యూనివర్సిటీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు ఒక పాత గ్రూపు ఉంది. అందులో ఎవరో మా కోచ్ ఫోటో పెట్టి, కింద "మాకు వేగం నేర్పిన గురువు" అని రాశారు. ఆ కింద ఒక వీడియో. మా చివరి లీగ్ ఆటలో ఆఖరి నిమిషాలవి. అమ్మాయిలు గాలిలా పరిగెడుతుంటారు, బంతి బుట్టలో పడుతుంటుంది, వెనక ఏదో డబ్బా సంగీతం అతికించారు. కాసేపట్లో గ్రూపులో అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టేశారు.

నేను పెట్టలేదు. "ఇది తప్పు" అని రాశాను. చావు కబురులోనూ తప్పులు వెతికే మనిషినని అనుకుని ఉంటారు. అనుకోనీ. ఆయన మాకు వేగం నేర్పలేదు. అంత నిదానంగా బాస్కెట్‌బాల్ ఆడించిన కోచ్‌ని నేను మలేషియాలో ఇంకెక్కడా చూడలేదు. చదువుకున్నన్నాళ్ళూ ఆ నిదానంతో కొట్లాడినదాన్ని. కాబట్టి ఆయన ఏం నేర్పారో చెప్పే హక్కు చేతులు జోడించిన వాళ్ళకంటే నాకే ఎక్కువ ఉంది.

పైగా ఆ వీడియోలో నేను లేను. జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తేదాన్ని నేను. జట్టు పరిగెత్తిన ఆ ఒక్కసారి నన్ను కోర్టు మీంచి దించేశారు. ఎందుకు దించారని ఆయన్ని ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చాను.

మనిషి పొట్టి. బాస్కెట్‌బాల్ కోచ్ అంటే ఎవరూ నమ్మేవారు కాదు. ఒకసారి వేరే కాలేజీ గేటు దగ్గర కాపలావాడు మమ్మల్నందరినీ లోపలికి పంపి, ఆయన్ని బస్సు డ్రైవరనుకుని బయటే ఆపేశాడు. ఆయన వెళ్ళి నీడలో నిలబడ్డారు. వెనక్కి వెళ్ళి ఆ కాపలావాడితో గొడవ పడింది నేను. "ఏటే, ఆడికేటి తెలుసు. నాను డ్రైవర్లాగే ఉన్నాను కదా" అని నవ్వారాయన. నా తరఫున ఎవరైనా అలా గొడవ పడితే నేను నవ్వను, థాంక్స్ చెబుతాను.

చొక్కా లోపలికి దోపి, బెల్టు పొట్టమీదికి బిగించి, చెప్పులు ఈడ్చుకుంటూ నడిచేవారు. మెడలో ఈల వేలాడేది కానీ దాన్ని ఊదగా నేను వినలేదు. ప్యాంటు జేబులో ఒక జత ఇత్తడి తాళాలు ఉండేవి, భజనలో వాయించేవి. వాళ్ళ ఊరు సుంగై సుమున్‌లో వాళ్ళ నాన్న రామమందిరంలో ముందు నిలబడి పాడేవారట. తాళాలు ఆయనవే. మా ప్రాక్టీసు మొత్తం ఆ తాళాల మీద నడిచేది.

మొదటిరోజు ఆయన్ని తమిళాయన అనుకున్నాను. ఇక్కడ నల్లగా, బొట్టు పెట్టుకుని కనిపించిన వాళ్ళందరినీ అందరూ తమిళులే అనుకుంటారు. తెలుగువాళ్ళమైన మేమూ అలాగే అనుకుంటాం. మా ఊరు ఇపోలో మా ఇంట్లోనే సగం మాటలు తమిళం. ఆయన తాళాలు తీసి టింగుమనిపించి, బంతిని ఒక్కో దెబ్బకు ఒక్కొక్కరు అందించుకోమన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఇక్కడెవరికీ అర్థం కాదనే ధైర్యంతో తెలుగులోనే గొణిగాను: "బాస్కెట్‌బాల్ గురించి ఏటొచ్చు ఈ ముసిలాయనికి?"

ఆయన తాళాలు ఆపలేదు. నా వైపు తిరగనూ లేదు.

"బజన వచ్చు" అన్నారు, మా అమ్మమ్మ మాట్లాడే తెలుగులో.

ఆయనా తెలుగువారే. మిగతా అమ్మాయిలకు ఏం జరిగిందో తెలియదు. ప్రాక్టీసయ్యాక దగ్గరికి పిలిచి, ఏ ఊరు, ఎవరమ్మాయివి, మీ తాతలు ఏ రబ్బరు ఎస్టేటులో ఉండేవారు అని అన్నీ అడిగారు. అడిగి, "కోర్టు మీద కోచ్ అను. గుడికాడ మావయ్య అను. గొనగడం ఎక్కడైనా గొనుగు, నాకేటి" అన్నారు.

ఆయన పద్ధతి ఇది. భజనలో పాట మొదట నిదానంగా ఎత్తుకుంటారు, తర్వాత నడక, ఆఖర్న జోరు. తాళం మారితే పాట వేగం మారుతుంది. మా ఆటలోనూ అంతే: తాళం నిదానంగా మోగితే బంతి చేతులు మారుతూ ఉండాలి, ఎవరూ బుట్టవైపు దూకకూడదు. నడకైతే కాస్త కదలాలి. జోరు మోగితే పరుగే. కానీ ఆయన జోరు మోగించేవారు కాదు. మూడు వంతుల ప్రాక్టీసు నిదానంలోనే గడిచేది. మా సెంటర్ హనిస, మా పెరాక్ రాష్ట్రం నుంచే వచ్చిన మలయ్ అమ్మాయి, మా అందరికంటే పొడుగు, అందరికంటే మెల్లగా కదిలేది. తను బుట్ట కిందికి చేరేదాకా ఎవరూ బంతి విసరకూడదని నియమం. ప్రతిసారీ అడిగేవారు: "హనిస దా సంపాయ్?" హనిస చేరిందా అని. చేరే సమయానికి నాకు ఒక నిద్ర అయ్యేది.

"కోచ్, నేను ఆవలికి పోయి వేసేసి వచ్చేస్తాను కదా" అనేదాన్ని.

"ఎల్లు. నువ్వు ఏసీసినాక యెనక ఎవులుంటారు? బజన్లో ముందోడు జోరెత్తీసి, యెనకోలు అందుకోనేకపోతే అది పాట కాదే, గోల. తాళం తప్పినోలిది కాదు తప్పు, తప్పించినోలిది."

అందరి ముందూ అన్నారు. అర్థం తెలుగులో నాకొక్కదానికే తెలిసినా, మిగతావాళ్ళకు మలయ్‌లోనూ ఇంగ్లీషులోనూ మళ్ళీ చెప్పారు. అదే రోజు నాకు పేరు పెట్టారు: ఎక్స్‌ప్రెస్ బస్సు. "ఎక్స్‌ప్రెస్ బస్సు ఏ స్టాపులోనూ ఆగదు. అందుకే దారిలోని వోలెవులూ ఎక్కరు" అన్నారు. అప్పటినుంచి గ్రూపులో నన్ను ఎక్స్‌ప్రెస్ అనే పిలుస్తారు. ముద్దుపేరని వాళ్ళ ఉద్దేశం. కాదని ఎన్నిసార్లు చెప్పినా వినరు.

నిదానానికి ఆయన దగ్గర లెక్క ఉంది, దాన్ని కాదనను. మా జట్టులో బెంచి మీద కూర్చోడానికి ఇద్దరుంటే పండగ. ల్యాబులున్న రోజు ఆ ఇద్దరూ ఉండరు. కౌలాలంపూర్ కాలేజీల వాళ్ళు రెండు జట్లకు సరిపడా అమ్మాయిలతో దిగేవారు. "పరిగెడితే మనకీ ఎక్కువసార్లు బంతి వొస్తాది, ఆలకీ ఎక్కువసార్లు వొస్తాది. ఆలు మనకంటే బాగా ఏస్తారు. మరెవులికి లాబం?" అనేవారు. "తక్కువసార్లు ఆడితే తక్కువసార్లు ఓడతాం." ఇది ఓడిపోయేవాడి లెక్క అని నేను మొహం మీదే అన్నాను. ఆయన తలూపి, "అవును. మనం ఓడిపోయే జట్టే కదా, గెలిచీ జట్టు లెక్క మనకెందుకు" అన్నారు. అలాంటి మనిషితో ఎలా వాదిస్తారు?

అవతలి జట్టు షాట్ క్లాక్ చూసుకుంటూ బంతి విసిరేలోపు మేము తాపీగా వెనక్కొచ్చి నిలబడి ఉండేవాళ్ళం. మా చేతికి బంతొస్తే, విసరడానికి ఆ గడియారం ఇచ్చే ఇరవై నాలుగు సెకన్లలో ఆఖరివి వచ్చేదాకా ఆడేవాళ్ళం. చూసేవాళ్ళు ఆవులించేవారు. "వెయ్, తిదోర్ కా?" నిద్రపోతున్నారా అని అరిచేవారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. ఆయన మాత్రం సైడు లైను దగ్గర కూచుని, మోకాలి పక్కన తాళాలు మెల్లగా మోగిస్తూ ఉండేవారు. ఒక రిఫరీ వచ్చి, అదేంటి తీసెయ్యమన్నాడు. ఆయన చాలా వినయంగా లేచి, "ప్రార్థన సామాను, సార్" అన్నారు మలయ్‌లో. మతం మాటెత్తితే అందరూ జంకే మా దేశంలో ఆ మాట విన్నాక ఎవరు మాత్రం ఏమంటారు? రిఫరీ నాలుగు అడుగులు వెనక్కి వేశాడు. ఆ కబురు మిగతా రిఫరీలకూ చేరినట్టుంది, మళ్ళీ ఎవరూ అడగలేదు. ఆ ఒక్కసారీ నేనూ నవ్వాను.

కెప్టెన్సీ నాకివ్వలేదు. మే అనే చైనీస్ అమ్మాయికిచ్చారు. మే మంచిది, ఆటా వచ్చు, కానీ నా అంత రాదు. ఎందుకని అడిగితే, "ఆ పిల్ల యెనక్కి తిరిగి సూస్తాది" అన్నారు. అదొక కారణమా?

ఇక ఆ చివరి ఆట. క్రీడావిభాగం అధికారి ముందే చెప్పేశాడు: ఈ ఏడాది కూడా లీగులో అట్టడుగున ఉంటే అమ్మాయిల జట్టు తీసేస్తాం, కోర్టు సమయం హాల్లో ఫుట్‌బాల్ ఆడే ఫుట్సాల్ వాళ్ళకిస్తాం అని. అంటే ఆ ఆట గెలిచి తీరాలి. అవతల జట్టు మమ్మల్ని ముందు ఒకసారి చిత్తుగా ఓడించినదే.

ఆ రోజు మేము ఎన్నడూ లేనంత నిదానంగా ఆడాం. మొదటి సగమంతా వాళ్ళు నవ్వుకున్నారు. మూడో క్వార్టర్‌కు నవ్వు ఆగి విసుగు మొదలైంది. పరుగుకి అలవాటు పడ్డ వాళ్ళు నిలబడి నిలబడి చేతులు దురద పెట్టి, అక్కర్లేని చోట బంతి లాక్కోబోయి ఫౌళ్ళు చేశారు, దూరం నుంచి తొందరపడి విసిరారు. మేమింకా వెనకబడే ఉన్నాం, కానీ అందేటంత దగ్గరలో. నేను బాగా ఆడుతున్నాను. ఇది నేను చెప్పుకోవడం కాదు, కెప్టెన్ మేని అడగండి.

ఆఖరి నిమిషాల్లో ఆయన టైమౌట్ తీసుకున్నారు. అందరం చుట్టూ నిలబడ్డాం. "ఇంక జోరు" అన్నారు. ఇన్నేళ్ళూ నేనడిగింది అదే. ఆయన నావైపు చూసి, జేబులోంచి తాళాలు తీసి నా చేతిలో పెట్టారు.

"నువ్వు కూకో. నువ్వు వాయించు."

"నేనా? కోచ్, జోరంటే నేను కదా పరిగెత్తాలి!"

"వాయించు. ఈ పిల్లలకెవులికీ జోరు వాయించడం రాదు."

నాకు బదులు మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె లోపలికి వెళ్ళింది. నేను బెంచి మీద కూర్చున్నాను. కళ్ళ నిండా నీళ్ళు. వాయించకుండా ఊరుకుందామనుకున్నాను. కానీ ఇపోలో మా అమ్మమ్మ పక్కన కూర్చుని భజన చేసిన చేతులవి. ఎత్తుకోక తప్పలేదు. ఎంత కోపముంటే అంత గట్టిగా వాయించాను.

వాళ్ళు పరిగెత్తారు. ఆటంతా మెల్లగా నడిచిన హనిస, కాళ్ళలో బలం అంతా దాచుకున్న హనిస, అవతలి వాళ్ళ సెంటర్‌ని దాటుకుని పోయి బంతి వేసింది. వాళ్ళు తేరుకునేలోపు మే ఇంకొకటి వేసింది. ఒక్క పాయింటు ముందుకొచ్చాం. వాళ్ళు విసిరింది తప్పింది, హనిస పట్టుకుంది.

వీడియో చూసేవాళ్ళకు తెలియనిది ఇక్కడుంది. మా అమ్మాయిలు ఆ ఊపులో ఇంకా పరిగెడుతూనే ఉన్నారు. మిగిలిన సమయం షాట్ క్లాక్ కంటే తక్కువ. బంతి దగ్గర పెట్టుకుంటే ఆట మనది. తొందరపడి విసిరి తప్పితే, వాళ్ళకింకో అవకాశం. అది చెప్పాల్సిన మనిషి రెండు చేతులూ పైకెత్తి గంతులేస్తున్నారు. నిదానానికి పుట్టిన ఆ మనిషి, జీవితంలో ఆ ఒక్కసారి, తాళం మరిచిపోయారు. ఎవరూ చెప్పకుండా నేనే జోరు ఆపాను. నిదానం ఎత్తుకున్నాను. మే మధ్య గీత దగ్గర టక్కున ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. బంతి ఒక చేతినుంచి ఇంకో చేతికి పోసాగింది. అవతలి వాళ్ళు మీద పడేలోపు అది ఇంకొకరి దగ్గర ఉంది. హారన్ మోగింది.

జట్టు నిలిచింది. ఇప్పటికీ ఉంది. ఆ రోజు అందరూ మేని ఎత్తుకున్నారు, హనిసని ఎత్తుకున్నారు, ఆయన్నీ ఎత్తబోయారు. నేను తాళాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వీడియోకి సంగీతం అతికించిన మహానుభావులు ఆ తాళాల చప్పుడు కూడా లేకుండా చేశారు.

చదువు అయిపోయాక నేను ఇపోకి వచ్చేశాను. ఆయన కోచింగ్ మానేసి సుంగై సుమున్‌లో సొంతింటికి చేరుకున్నారు. ప్రతి ఏడూ పెరటాశి నెలలో, వేంకటేశ్వరుడి శనివారాల్లో అక్కడి భజనకు వెళ్ళేదాన్ని. దేవుడికి దణ్ణం ఒకటి, ఆయనకు ప్రశ్న ఒకటి.

"మావయ్యా, ఆ రోజు నన్నెందుకు దించినారు?"

"ఇవాళ దేవుడి రోజు. బంతి మాటలొద్దు" అని చేతిలో ప్రసాదం పెట్టేవారు. ఇంకో ఏడాది, "తాళం ఎవులు వాయిస్తారు మరి?" అన్నారు. నేను ఒప్పుకోలేదు. తాళం ఆయనా వాయించొచ్చు. మరోసారి పక్కవాళ్ళకి నన్ను చూపించి, "మావోల గుంటే. ఇపో నించి నామీద కేసెయ్యడానికి వచ్చినాది" అన్నారు. వాళ్ళు నవ్వారు. అదీ గుర్తుంది నాకు.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట తడబడింది. భజనకు రావడం లేదని తెలిసి ఇంటికే వెళ్ళాను. కిటికీ పక్కన మంచం, దాని మీద ఆయన. బెల్టు లేకుండా మొదటిసారి చూశాను. పరామర్శ మాటలు కొన్ని అన్నాను. ఆయన అవేవీ వినకుండా నా మొహంలోకి చూస్తున్నారు. నేను అడిగేదాకా ఎదురుచూస్తున్నారని అర్థమైంది. అడిగాను.

"ఏటే, ఇంకా అదేనా?"

"అదే."

ఒక్కో మాటా వెతుక్కుని చెప్పారు. "నువ్వాడితే మిగతావోలు ఆడరే. నీకు బంతిచ్చీసి నిలబడిపోతారు. సినిమా సూసినట్టు సూస్తారు. జోరంటే ఐదుగురూ పరిగెట్టాల. నువ్వు దిగినాకే హనిస పరిగెట్టినాది."

"అది నా తప్పా?"

ఆయన కిటికీలోంచి కొబ్బరిచెట్ల వైపు చూశారు.

"కాదు. నీకు బంతిచ్చి నిలబడకండని ఆలకి నాను నేర్పాల. నలుగురికి నేర్పడం కష్టం. నిన్ను కూకోబెట్టడం సులువు. సులువైన పని సేసీసినాను."

ఇన్నేళ్ళుగా అడిగిన ప్రశ్నకి జవాబు దొరికితే ఎలా ఉంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. అయినా నా బుద్ధి నాది. "ఈ మాట అత్త ముందు చెప్పండి" అన్నాను.

వంటింట్లోంచి భార్యని పిలిచారు. మళ్ళీ మొదటినుంచీ, ఆ తడబాటుతోనే, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పారు. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ విని, "ఈ మనిసి నోట తన తప్పని నాను ఎప్పుడూ ఇన్నేదు. ఉండు, ఇంకోసారి సెప్పించు, ఫోన్లో పట్టుకుంటాను" అంది.

"పోవే. ఒక్కసారే" అన్నారాయన.

ఆవిడ నవ్వుతూ టీ పెట్టడానికి వెళ్ళింది. మేమిద్దరం మిగిలాం. ఫ్యాను తిరుగుతోంది. ఆయన దుప్పటి అంచు ఎడంచేత్తో సర్దుకుంటూ, నావైపు చూడకుండా అన్నారు: "సెప్పీసినాను కదా. ఇంక నువ్వు రావేటి."

అడిగినట్టు లేదు. తనలో తను అనుకున్నట్టుంది. తప్పకుండా వస్తాను మావయ్యా అనే మాట నా నోటికి అలవాటు లేదు. అన్నా ఆయన నమ్మరు.

ఆవిడ టీ తెచ్చింది. ఒక గుటక తాగాను. పాలూ పంచదారా ఏవీ లేవు. ఆయనకు షుగరని ఆ ఇంట్లోకి పంచదార తేవడమే మానేశారట.

"ఏంటి మావయ్యా ఇది, టే ఓ కొసోంగ్?" అన్నాను. "ఇపో నుంచి ఇంత దూరం వచ్చిన మనిషికి చెంచాడు పంచదార లేని టీ ఇస్తారా? ఇది ఊరుకునే విషయం కాదు. వచ్చే శనివారం వస్తాను. ఈ సంగతి తేలాలి."

ఆయన నవ్వారు. మొహంలో ఒక పక్కే నవ్వింది.

శనివారం వెళ్ళాను. ఆవిడ టీ తెచ్చి నా చేతికిచ్చింది. నోట్లో పెట్టుకోలేనంత తీపి. ఆయన కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి.

"మరీ ఇంతా? పాకం పట్టారా? మనిషిని చంపేస్తారా ఏంటి?" అన్నాను.

ఆయన ఎడం మోచెయ్యి పరుపు మీద ఆనించి, ఆవిడ పట్టుకోబోతే వద్దని, నాతో వాదనకి మెల్లగా లేచి కూర్చున్నారు.